తాడు చుట్టిన కడ్డీ

రయ్యిస్ బద్రాన్ ముందు నేను పెట్టిన టీ మళ్ళీ చల్లారిపోయింది. మనిషి గ్లాసు వంక చూడడు, నా వంక చూడడు. లాకప్ గోడ మీద తోక తెగిన బల్లిని మాత్రం సొంత మేనల్లుణ్ణి చూసినట్టు చూస్తున్నాడు.

"బల్లి ఏమైనా చెప్పిందా?" అన్నాను.

బల్లి ఒక అంగుళం జరిగింది, అతని కళ్ళూ జరిగాయి.

"పోనీ నువ్వు దానికేమైనా చెప్పావా? నాకు చెప్పనిది దానికి చెప్తే మాత్రం నేను ఒప్పుకోను. దానికంటే నేను నీకు పాత స్నేహితుణ్ణి. తోకా పోగొట్టుకోలేదు."

గుమ్మంలోంచి మేజర్ రిఫాత్ గొంతు వినబడింది. "టైము దండగ, జక్జూక్ బాబాయ్. సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినబడగానే ఇతన్ని బండెక్కిస్తాను. ప్రాసిక్యూటర్ గారు నీలా టీలు పోసి, బల్లుల గురించి అడగరు."

మేజర్ మంచివాడే. కాకపోతే ఎగువ ఈజిప్టు పొలాల్లోంచి వచ్చినవాడు. మా పోర్ట్ సయీద్‌లో అటుగట్టుకి వెళ్ళే ఫెర్రీ ఎక్కినా నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చుంటాడు. నేనంటే ఆయనకి పడదు. ఒకసారి ఓ పెళ్ళిలో ఆయన చేతి గడియారం తీసి పెళ్ళికూతురి పూలగుత్తిలోంచి బయటికి లాగాను. అందరూ నవ్వారు. ఆయన ఇంకా నవ్వలేదు.

అది నా పాత వృత్తి. కుర్రతనంలో, కాలవ దగ్గర ఆగిన ఓడలెక్కి, దొరసానుల చెవుల్లోంచి కోడిపిల్లలు తీసే గారడీవాణ్ణి, మా ఊళ్ళో గలగల మాంత్రికుడంటారు. తర్వాత ఓ ఓడ కెప్టెన్ నా నోటి దురుసు చూసి ముచ్చటపడి స్టూవర్డుగా పెట్టుకున్నాడు. జెనోవా నించి బొంబాయి దాకా కెప్టెన్లకి కాఫీలు మోస్తూ, వాళ్ళ గొంతులు అనుకరిస్తూ బతికాను. ఓడలు దిగాక, పోయిన వస్తువులూ పారిపోయిన మనుషులూ వెతికిపెడతానని క్లబ్బు కింద ఓ బల్ల వేసుకున్నాను. దొంగచేతికి దొంగచేతులు తెలుస్తాయి కదా.

ఇప్పుడు నా ముందున్నది పోయిన వస్తువు కాదు, పోబోయే ప్రాణం. నిన్న మధ్యాహ్నం మా ముసలి నావికుల క్లబ్బు మేడ మీద హాల్లో కెప్టెన్ విస్సా తల పగిలి పడి ఉన్నాడు. పక్కన మోకాళ్ళ మీద రయ్యిస్, అంటే మా పడవవాళ్ళ పెద్ద, బద్రాన్. బద్రాన్ చేతుల నిండా నెత్తురు. అతను కర్రలా వాడుకునే పొట్టి పడవ కొక్కెం నేల మీద, దానికీ నెత్తురు. కెప్టెన్ ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా ఉన్నాడు. ఆయన ప్రాణం పోతే బద్రాన్‌కి ఉరి. పోకపోయినా ఈ వయసులో జైలంటే అదీ ఉరే.

కారణం వెతకడానికి మేజర్ చెమటోడ్చనక్కర్లేదు. ఊళ్ళో పిల్లినడిగినా చెబుతుంది. యుద్ధానికి ముందు, కెప్టెన్ విస్సా కాలవలో ఓడలు నడిపించే పైలట్‌గా ఉన్న రోజుల్లో ఓ సరుకు ఓడ కుడి గట్టు వైపు లాగుతోంది. ఆయన చుక్కాని పట్టినవాడికి 'పోర్ట్ టెన్' అని ఆర్డరిచ్చాడు. ఎడమకి పది తిప్పమని. ఓడ మాత్రం కుడికే వెళ్ళింది. గట్టుకీ ఓడకీ మధ్య, ఓడ తాళ్ళు గట్టుకి చేర్చే పడవ, అందులో బద్రాన్ తమ్ముడు సలామా. శవాన్ని కూడా మొత్తంగా తీయలేకపోయారు. చుక్కాని పట్టిన సబ్రీ ఊరికి కొత్తవాడు, మాలో ఎవరూ మొహం ఎరగరు; విచారణలో 'ఆయన కుడికనే అన్నాడు, నేను కుడికే తిప్పాను' అని చెప్పి, యుద్ధంలో ఊరంతా వలసపోయినప్పుడు జనంలో కలిసిపోయాడు. కెప్టెన్ లైసెన్సు పోయింది. ఇదంతా జరిగి పాతికేళ్ళు. జనం ఊరికి తిరిగొచ్చిన దగ్గర్నించీ ఒకే క్లబ్బులో, ఆయన కిటికీ దగ్గర, బద్రాన్ తలుపు దగ్గర. ఒక్కమాట లేదు.

నేను టీ గ్లాసు పక్కకి జరిపాను. "బద్రాన్. సలామా పెళ్ళిలో మనిద్దరం ఎగిరిన ఎగురుడు గుర్తుందా? నీ పైజామా ఊడిపోతే నేనే పట్టుకున్నాను. ఆ పట్టుకున్న చేత్తో అడుగుతున్నాను. ఏం జరిగింది?"

బల్లి గోడ పగుల్లోకి పోయింది. బద్రాన్‌కి చూడటానికి ఇంకేం మిగల్లేదు.

"ఆయనే రమ్మన్నాడు," అన్నాడు.

"విస్సానా?"

"మన క్లబ్బు దుసూకీ చేత కబురెట్టాడు. అందరూ జనాజాకి వెళ్ళాక రా, ఒకటి వినిపిస్తాను అని."

"చూపిస్తాననలేదా?"

"వినిపిస్తానన్నాడు."

నిన్న మా పాత సరంగు ఒకడు పోయాడు. క్లబ్బు క్లబ్బంతా మసీదులో జనాజా నమాజుకి వెళ్ళాం. కెప్టెన్ విస్సా కిబ్తీ క్రైస్తవుడు, సాయంత్రం పలకరింపుకి వస్తానని కిటికీ దగ్గరే ఉండిపోయాడు.

"పైకెళ్ళావు. తర్వాత?"

"మెట్ల మీద ఎవరూ లేరు. కాఫీ మాడిన వాసన. ఆయన హాల్లో ఆ చుక్కాని చక్రం కింద పడి ఉన్నాడు. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. కొక్కెం ఎప్పుడు జారిందో తెలీదు." బద్రాన్ పెదాలు తడుపుకున్నాడు. "పోర్ట్ టెన్ అన్నాడు. అని ఊరుకున్నాడు. చెవి ఇలా పక్కకి పెట్టి. ఎవరో జవాబు చెప్పాలన్నట్టు. మళ్ళీ అన్నాడు, మళ్ళీ చెవి పెట్టాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ప్రాణం పోయేటప్పుడు ఎవడూ అబద్ధం ఆడడురా. ఆయన ఎడమకనే అన్నాడు. పాతికేళ్ళు నిజమే చెప్పాడు. నేను సలామా పెళ్ళాన్ని తీసుకెళ్ళి ఆయన గుమ్మంలో నిలబెట్టి శాపనార్థాలు పెట్టించాను. ఆయన కూతురి పెళ్ళి రోజున." మొహం గోడకి తిప్పుకున్నాడు. "ఉరి తీస్తే తీయనీ. ఏ మొహం పెట్టుకుని నేను కాదని చెప్పను?"

మేజర్ నన్ను వరండాలోకి లాగాడు. "విన్నావా? ఉరి తీయమంటున్నాడు."

"మీరు విన్నది అదొక్కటేనా? ఆసుపత్రి వాళ్ళేమంటున్నారు?"

"పొద్దుటి నించీ ఏదో కలవరిస్తున్నాడట. అదే మాట. కుదురుగా నిద్రపోవడం లేదు, ఇలాగే ఉంటే గుండె ఆగుతుంది అంటున్నారు."

"పిలుపు దాకా టైముందిగా. ఒక్కసారి హాలు చూపించండి. ఏమీ దొరక్కపోతే మీ గడియారం సంగతి ఊరంతా మర్చిపోయేలా చేస్తాను."

ఆయన గబుక్కున మణికట్టు తడుముకున్నాడు. ఉంది. నేను తీయలేదు. ఇంకా.

* * *

హాలు తలుపుకి కానిస్టేబులు కాపలా. నిన్నటి నించి ఎవరూ లోపలికి పోలేదు, దేన్నీ ముట్టలేదు. ముసలాళ్ళందరూ కింద అరుగు మీద కూర్చుని నన్ను చూసి నోళ్ళు మూసుకున్నారు. ఇలా మూసుకోవడం వాళ్ళ పుట్టుకలో మొదటిసారి.

కిటికీ దగ్గర కెప్టెన్ కుర్చీ. రెండడుగుల దూరంలో, తునకలుగా అమ్మేసిన ఓ ఓడ నించి మేం చందాలేసి కొన్న చుక్కాని చక్రం. దిమ్మ మీద బిగించి ఉంటుంది, తిప్పితే తిరుగుతుంది. రోజంతా పోయేవాడూ వచ్చేవాడూ దాన్ని కెలికి, ఎలా పడితే అలా వదిలేసి పోతారు. నేల మీద, కుర్చీకీ చక్రానికీ మధ్య, నెత్తురు మరక.

"కొక్కెం దెబ్బ అంటారు మీరు," అన్నాను.

"కాదా?"

"కొక్కేనికి నెత్తురు అంచున అంటింది, మొనకి కాదు. మరకలో పడింది కాబట్టి అంటింది. ఇటు చూడండి." చక్రం కడ్డీల్లో ఒకదాని పిడికి నెత్తురు, నాలుగు తెల్ల వెంట్రుకలు. "కెప్టెన్ వెనక్కి పడ్డాడు, తల దీనికి కొట్టుకుంది."

మేజర్ వంగి చూశాడు. గడ్డం గోక్కున్నాడు. తెలివితక్కువ వాడైతే నా పని సులువయ్యేది. "కుదరదు," అన్నాడు. "ఈ కడ్డీ చక్రం పైభాగంలో ఉంది. నా భుజం ఎత్తు. పడే మనిషి తల అక్కడ తగలదు. కింద కడ్డీకి తగలాలి."

"శభాష్. నేనూ అదే అనబోతున్నాను, మీరు ముందన్నారు."

"అంటే చక్రం తర్వాత తిరిగింది. పడ్డ మనిషి బరువుకి తిరిగి ఉంటుంది."

"తిరిగితే తిరిగింది. ఎక్కడ ఆగిందో చూడండి."

మిగతా కడ్డీలన్నీ నున్నగా ఉంటాయి, ఒక్కదానికి మాత్రం తాడు గట్టిగా చుట్టి ఉంటుంది, చీకట్లో కూడా చేతికి తెలియడానికి. ఆ కడ్డీ నిటారుగా ఆకాశం చూస్తుంటే చుక్కాని మధ్యలో ఉన్నట్టు. ఓడల మీద 'మిడ్‌షిప్స్' అని ఆర్డరిస్తే అర్థం అదే. మలుపు అయిపోయింది, ఇక మధ్యకి తే అని. నేను చూస్తుండగా ఆ తాడు చుట్టిన కడ్డీ దీపస్తంభంలా తిన్నగా నిలబడి ఉంది. వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు.

"మనిషి పడి ఉన్నాడు, నెత్తురు కారుతోంది," అన్నాను. "ఆ టైములో చక్రాన్ని సర్దిందెవరు? బుర్ర ఉన్నవాడెవడూ సర్దడు. చేతులు సర్దాయి. ఏళ్ళ తరబడి చుక్కాని పట్టినవాడు చక్రం దగ్గర్నించి పోయేటప్పుడు మధ్యకి తేకుండా పోలేడు. మీరు బూట్లు విప్పాక జత పక్కన జత పెట్టుకుంటారే, అలా. చూశాను లెండి మీ ఇంటి గుమ్మంలో."

"నా ఇంటి గుమ్మం సంగతి నీకెందుకు?"

"బద్రాన్ తెడ్లూ తాళ్ళూ తప్ప పట్టలేదు. పుట్టి బుద్ధెరిగి ఓడ చక్రం తాకలేదు."

మేజర్ వెటకారంగా నవ్వాడు. "అయితే ఆ చుక్కాని వీరుణ్ణి నువ్వే చూపించు. మీ క్లబ్బులో ఆ పని చేసినవాళ్ళు ముగ్గురు. దుసూకీ, ఇంకిద్దరు అన్నదమ్ములు. ముగ్గురూ నిన్న మసీదులో ముందు వరసలో ఉన్నారు. నేనే విచారించాను. ఆ దుసూకీకి చెవుడేమో, ఇమాం అయిపోయిందన్నాక కూడా నిలబడే ఉన్నాడని అందరూ చెప్పారు."

"వీధి తలుపు తెరిచే ఉందిగా."

"అంటే దారినపోయే చుక్కానివాడు ఒకడు పైకొచ్చి, కెప్టెన్ని తోసి, చక్రం సర్ది, సలాం పెట్టి పోయాడు. ప్రాసిక్యూటర్ గారికి ఇదే చెప్పనా? ఆయన కూడా నవ్వి చాలా రోజులైంది."

చెవిలోంచి కోడిపిల్లని తీయగలను కానీ, లేని చుక్కానివాణ్ణి తీయలేను. ఆ కడ్డీ వంకే చూస్తూ నిలబడ్డాను.

హాలు చివర తెర కదిలింది. తెర వెనక వంటగది, దానికి పెరటి మెట్లు. మహ్రూస్ రెండు గ్లాసులతో వచ్చాడు. "మెంతి టీ. బాబాయికి చక్కెర లేకుండా. మేజర్ గారికి ఎలా కావాలో తెలీదు, మధ్యరకంగా వేశాను."

మహ్రూస్ మా క్లబ్బుకి తల్లిలాంటివాడు. డెల్టాలో పత్తిచేలోంచి వచ్చాననీ, సముద్రం చూస్తేనే కళ్ళు తిరుగుతాయనీ అంటాడు. అయినా ఎవరికి ఏ టీయో, ఎవరి భార్య ఏ రోజు పోయిందో, ఏ రోజున ఎవరితో మాట్లాడకూడదో అన్నీ వాడికే తెలుసు. తక్కువ మాట్లాడతాడు. కళ్ళకి తెర కమ్మిన కెప్టెన్‌కి కాఫీ ఇచ్చేటప్పుడైతే అసలు మాట్లాడడు. కప్పు పెట్టి, బల్ల మీద రెండుసార్లు తడతాడు. ఎంత మర్యాద అనుకునేవాణ్ణి నేను.

"నిన్న నువ్వెక్కడున్నావురా?" అన్నాను.

"పలకరింపుకి జనం వస్తారు కదా బాబాయ్. కుర్చీల కోసం వెళ్ళాను."

"వెళ్ళాడు," అన్నాడు మేజర్. "కుర్చీల కొట్టువాణ్ణి అడిగాను."

"కాఫీ పొయ్యి మీద వదిలేసి వెళ్ళావా? మాడిందట."

"మాడింది బాబాయ్. హడావిడిలో."

నేను ఖాళీ చేసిన గ్లాసు తీసుకుని మహ్రూస్ తెర వెనక్కి వెళ్ళాడు. నేను బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టాను. ఊరికే. తట్టి, మళ్ళీ తట్టాను. కళ్ళు లేని మనిషికి కప్పు వచ్చిందని చెప్పాలంటే నోటితో 'కాఫీ కెప్టెన్' అంటే సరిపోతుంది. నోరున్నవాడు బల్లనెందుకు తడతాడు?

వినిపిస్తాను అన్నాడు విస్సా. చూపిస్తాననలేదు.

"మేజర్ గారూ," అన్నాను, "ఆఖరి కోరిక. బద్రాన్‌ని ఇక్కడికి తీసుకురండి. కింద ఉన్న ముసలాళ్ళని పైకి రానివ్వండి. నా గలగల ఆట ఒక్కటి చూసి వెళ్ళండి."

"నీకు మతి పోయిందా?"

"మీరు గెలిస్తే నేను మీ స్టేషన్ గుమ్మం తొక్కను. జీవితంలో."

అది ఆయన కాదనలేకపోయాడు.

* * *

బద్రాన్‌ని బేడీలతో తెచ్చి తలుపు దగ్గర, వాడి పాత చోటే కూర్చోబెట్టారు. ముసలాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. కెప్టెన్ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. పాపం, చావుబతుకుల మధ్య ఉన్న మనిషి కుర్చీ ముందు గారడీ ఏమిట్రా అని దుసూకీ గొణిగాడు. చెవిటివాడు గొణిగితే వీధి చివరి దాకా వినబడుతుంది.

"విస్సా కోసమే ఈ ఆట," అన్నాను. "ఆయన నా మొదటి గిరాకీ. మీకు తెలీదు. కుర్ర పైలట్‌గా ఉన్నప్పుడు ఓడ నడిపే గదిలో, బ్రిడ్జి మీదే నా చేత ఆయన జేబులోంచి కోడిపిల్లని తీయించుకున్నాడు. పై అధికారి పక్కనే ఉన్నాడు. అది కీచుమంటే ఈయన దగ్గాడు. మళ్ళీ కీచుమంది, మళ్ళీ దగ్గాడు. ఆ రోజంతా ఆయనకి జలుబని రాసుకున్నారు."

మొదట ఒకడు నవ్వాడు, తర్వాత అందరూ. బద్రాన్ కూడా తల దించుకునే పెదవి వంకర తిప్పాడు. తెర వెనక గ్లాసులు కడుగుతున్న చప్పుడు.

మేజర్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాను. చేతులు దులిపాను, చొక్కా చేతులు మడిచాను. గారడీలో చేతిని చూడమంటాం, మోసం ఇంకోచోట జరుగుతుంది. ఆయన టోపీ ఎత్తి, లోపల్నించి పసుపుపచ్చని కోడిపిల్లని తీశాను. అది ఆయన ముక్కు మీదే కీచుమంది. హాలు గొల్లుమంది. కానిస్టేబులు గోడకి తిరిగి నవ్వుకున్నాడు. అందరి కళ్ళూ కోడిపిల్ల మీద, అందరి నోళ్ళూ తెరిచి ఉన్నాయి.

నేను కిటికీ వైపు తిరిగి, కాలవలో పోతున్న ఓడని చూస్తూ, కెప్టెన్ విస్సా గొంతుతో, ఆయన పాతికేళ్ళ కింద పలికినట్టే పలికాను.

"పోర్ట్ టెన్."

చుక్కాని పట్టినవాడికి ఇది ఆర్డరు కాదు, మోకాలి మీద సుత్తి దెబ్బ. ఆర్డరు వినబడితే ముందు అదే మాట తిరిగి పలకాలి, తర్వాతే చక్రం తిప్పాలి. పలక్కుండా తిప్పినవాడికి ఓడలో అన్నం పెట్టరు. ఏళ్ళు గడిచేసరికి అది నోటి పని కాకుండా ఒంటి పని అయిపోతుంది.

"పోర్ట్ టెన్, సర్," అన్నారు అన్నదమ్ములిద్దరూ కలిసి, నవ్వు మధ్యలోంచి.

"పోర్ట్ టెన్, సర్," అన్నాడు దుసూకీ, వాళ్ళ పెదాలు చూసి, ఆలస్యంగా.

కానీ వాళ్ళందరికంటే ముందే, నా మాట ఇంకా గాల్లో ఉండగానే, ఒక గొంతు ఆ మాటని అందుకుంది. సాగదీసి, చివర కాస్త పైకెత్తి, బ్రిడ్జి మీద అలవాటైన గొంతు. అది తెర వెనక నించి వచ్చింది.

నవ్వు ఆగిపోయింది. గ్లాసుల చప్పుడు కూడా. మేజర్ చేతిలో టోపీ అలాగే ఉండిపోయింది. ఆయన నా వంక చూడలేదు. తెర వంక చూస్తూ నెమ్మదిగా అన్నాడు, "కుర్చీల కొట్టువాడు ఒక మాట చెప్పాడు. నేను పట్టించుకోలేదు. ఎన్ని కుర్చీలు కావాలని అడిగితే మహ్రూస్ చెప్పలేకపోయాడట."

తెర తీసుకుని మహ్రూస్ వచ్చాడు. తడి చేతులు తుడుచుకోలేదు.

"సబ్రీ," అన్నాను.

"ఆ పేరుతో నన్నెవరైనా పిలిచి చాలా ఏళ్ళైంది బాబాయ్." గొంతులో పత్తిచేను లేదు. "ఆయన పోర్ట్ టెన్ అన్నాడు. నేనూ పోర్ట్ టెన్ అన్నాను. నోరు ఎడమ అంది, చేతులు కుడికి తిప్పాయి. ఎందుకు తిప్పాయో ఇప్పటికీ తెలీదు. విచారణలో నోరు కూడా కుడికే తిరిగింది."

దుసూకీ నేల చూస్తూ అన్నాడు, "నేనూ తిప్పాను ఒకసారి. నడిసముద్రంలో. చుట్టూ ఏమీ లేదు కాబట్టి కెప్టెన్ తిట్టి వదిలేశాడు." అన్నదమ్ముల్లో పెద్దవాడు తలూపాడు. చిన్నవాడు కిటికీ బయటికి చూశాడు.

"మరి ఇక్కడికే ఎందుకొచ్చావురా? ఇన్ని ఊళ్ళుండగా?" అన్నాను.

"ఓడ కూత వినబడని చోట నిద్ర పట్టలేదు. వచ్చాను. వచ్చాక ఆయన కనబడ్డాడు, అప్పటికే కళ్ళకి తెర. వెళ్ళిపోదామనుకున్నాను. ఆయనకి కాఫీ సరిగ్గా పెట్టేవాళ్ళు లేరు." తువ్వాలు కోసం భుజం తడుముకున్నాడు. లేదు. "కిటికీ దగ్గర కూర్చుని పోయే ఓడలకి ఆర్డర్లిస్తాడు కదా తనలో తను. నేను పళ్ళు బిగించుకునేవాణ్ణి. మొన్న ఏదో ధ్యాసలో ఉన్నాను. నోరు జారి ఆయన మాట తిరిగి పలికేశాను."

"నిన్న?"

"బద్రాన్ వస్తాడు, వాడి ముందు ఇంకొక్కసారి పలుకు, చాలు, పోలీసులూ వద్దు ఏమీ వద్దు అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకోబోయాను. పడిపోయాడు. పెరటి మెట్ల మీద నించి పారిపోయాను."

"చక్రం సర్ది పారిపోయావు," అన్నాడు మేజర్.

మహ్రూస్ ఆ కడ్డీ వంక చూశాడు, తర్వాత తన చేతుల వంక. "నేనా?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

బద్రాన్ లేచి నిలబడ్డాడు. వాడి చేతులు ఎంత బలమైనవో మాకు తెలుసు. మహ్రూస్‌కి ఎదురుగా వెళ్ళి ఆగాడు.

"పై నించి సలామా కనబడ్డాడా నీకు?"

"లేదు రయ్యిస్. చక్రం దగ్గర్నించి నీళ్ళు కనబడవు."

బద్రాన్ ఆ తడి చేతుల వంక చూశాడు. తర్వాత మేజర్ వైపు తిరిగాడు. "నన్ను ఆసుపత్రికి పంపండి."

మేజర్ తాళంచెవి కోసం జేబు వెతుక్కున్నాడు. "మీవే అనుకుంటా ఇవి," అని బేడీలు ఆయన చేతిలో పెట్టాను. తాళంచెవి కోడిపిల్ల కీచుమన్నప్పుడు తీశాను, బేడీలు అందరూ తెర వంక చూస్తున్నప్పుడు విప్పాను. ఆ చల్లటి ఇనుము వంకా నా వంకా మార్చి మార్చి చూసి, ఆయన బేడీలు జేబులో వేసుకున్నాడు. మహ్రూస్‌కి వేయలేదు. "నడు," అన్నాడంతే. మహ్రూస్ వెళ్తూ వెళ్తూ పొయ్యి ఆర్పి వెళ్ళాడు. బయట అసర్ పిలుపు మొదలైంది.

* * *

కెప్టెన్ విస్సా మంచం మీద ఎండిన చేపలా ఉన్నాడు. తల చుట్టూ కట్టు. నర్సు విసిగిపోయి ఉంది. "ఏదో అడుగుతున్నారు. నీళ్ళిచ్చాం, దిండు మార్చాం, కిటికీ తెరిచాం. ఏదీ కాదంటారు. గుండె ఇలా కొట్టుకుంటే రేపటి దాకా ఆగదని డాక్టరు గారు అంటున్నారు. మీకేమైనా అర్థమవుతుందా?"

ఆయన పెదాలు కదిలాయి. "పోర్ట్ టెన్." తల కాస్త పక్కకి తిరిగింది. చెవి పెట్టాడు. నుదురు ముడిపడింది. చేతివేళ్ళు దుప్పటిని పీకుతున్నాయి.

బద్రాన్ నా చెయ్యి పట్టుకున్నాడు. "నేను పడవ వాణ్ణిరా. నాకు చక్రం తెలీదు."

"నోరుందిగా. పాతికేళ్ళు దాచుకున్నావు, అరిగిపోలేదు."

వాడు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొహం ఆయన చెవి దగ్గర పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లు.

"పోర్ట్ టెన్, కెప్టెన్."

దుప్పటి మీద వేళ్ళు ఆగాయి. నుదుటి ముడి ఒక్కొక్క గీతగా విడింది. ఇక నిద్రపోయాడనుకున్నాను. అప్పుడు చాలా మెల్లగా, ఓడ మలుపు దాటిందని ఖాయం చేసుకున్నవాడిలా, ఇంకో మాట అన్నాడు.

"మిడ్‌షిప్స్."

బద్రాన్ కంగారుగా నా వైపు తిరిగాడు. కళ్ళ నిండా నీళ్ళు. "దీనికేం చెప్పాలిరా?"

"అదే. ఆయనన్నదే తిరిగి చెప్పు."